ముసలాయన తల మీద నిలబడ్డ సాయ్‌మూయ్

మా మాక్‌వాన్ ఊరి వంతెన కిందుగా డ్రాగన్ పడవ, అంటే డ్రాగన్ తల తగిలించిన పందెం పడవ, వెళ్తున్నప్పుడు వంతెన మీద ఆడమనిషి ఉండకూడదు. ఆడదాని కాళ్ల కింద నుంచి డ్రాగన్ పోతే ఊరికి అరిష్టమట. ఐదో నెల పండగనాడు డోలు వినబడగానే ఆడవాళ్లు గంపలు, సైకిళ్లు, పిల్లల్ని సర్దుకుని వంతెన దిగి ఓ వారగా నిలబడతారు. దిగమని ఎవరూ అరవరు. అరవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

సాయ్‌మూయ్ మా ఊరికి కాపురానికొచ్చిన కొత్తల్లో, ఏడాది నిండని కూతురు జ్వరంతో కాలిపోతుంటే వీపున కట్టుకుని అవతలి గట్టు మీది ఆస్పత్రికి బయల్దేరింది. వంతెన మొదట్లో ఉండగా డోలు మోగింది. చుట్టుపక్కల ఊళ్ల పడవలన్నీ ఆ రోజు మా ఊరికి చుట్టపుచూపుగా వస్తున్నాయి. ఒకటి రావడం, మన పడవతో పలకరింపులు కావడం, టపాకాయలు కాల్చడం, వెనక్కి తిరగడం, అంతలో ఇంకొకటి రావడం. సాయ్‌మూయ్ ఎండలో నిలబడింది. వీపు మీద పిల్ల ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. ఊరుకునేసరికి చెయ్యి వెనక్కి పెట్టి ఊపిరి చూసుకుంది. అయినా వంతెన ఎక్కలేదు. ఆఖరి పడవ దాటిపోయాక పరుగెత్తింది.

పిల్ల బతికింది. పేరు కాయీ. ఇప్పుడు జీన్సు ప్యాంట్ల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తోంది. ఆ మధ్యాహ్నం గురించి సాయ్‌మూయ్ ఎవరి దగ్గరా తప్పుపట్టి మాట్లాడలేదు. అందరూ దిగారు, నేనూ దిగాను, అంతే అనుకుంది. మన ఊళ్లో ఇలాంటి అన్యాయాలు ఎక్కువకాలం బతికేది ఈ 'అంతే' మీదే.

ఆమె పుట్టింది నీళ్ల మీద. తండ్రి ముత్యాల నది పాయల్లో చెరకు మోసే పడవ నడిపేవాడు. పొయ్యి రాజెయ్యడం కంటే ముందు చుక్కాని పట్టడం వచ్చిందామెకు. పెళ్లయ్యాక చుక్కాని పోయి పొయ్యి మిగిలింది. మొగుడు తాంగ్ మంచివాడే. మాక్ వంశం వాడు కాబట్టి పండక్కి డ్రాగన్ పడవలో తెడ్డు వేస్తాడు. ఆమె గట్టు మీద ఆ తెడ్లు వేసేవాళ్లందరికీ వంట చేస్తుంది.

కొన్నేళ్ల కిందట పట్నంలో ఒక క్రీడా పాఠశాల వాళ్లు పాత ఫైబర్ పడవ పారేస్తున్నారని తెలిసి, సాయ్‌మూయ్ మరి కొందరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి దాన్ని నీళ్ల మీదే లాక్కొచ్చింది. అలా మొదలైంది మా ఆడవాళ్ల తెడ్ల క్లబ్బు. పెద్దలు అడ్డుపడలేదు. ప్లాస్టిక్కు డ్రాగన్ కాదు కదా అన్నారు. షరతు ఒక్కటే, దానికి డ్రాగన్ తల తగిలించకూడదు, కళ్లు దిద్దకూడదు. తలలేని పడవతోనే ఆడవాళ్లు రోజూ తెల్లవారుతూనే నీళ్లలోకి దిగేవారు. ఊరికి రాతిమెట్ల రేవు ఒక్కటే. అక్కడే పడవ కట్టుకునేవారు.

పడవ ముక్కున కూర్చుని డోలు కొట్టేది చేపల జావ అమ్మే కువాన్ పిన్ని. కాస్త భారీ మనిషి.

"పిన్నీ, పొద్దున్నే కుండెడు జావ నువ్వే తాగేశావా ఏంటి? పడవ ముక్కు నీళ్లలోకి దిగబడిపోతోంది," అని వెనక నుంచి ఎవరో అనేవారు.

"తెడ్డు వెయ్యడం చేతకాక నా మీద పెడుతున్నావా? నీ మొగుడి మీద చేసుకునే చెయ్యి నీళ్ల మీద చేసుకో, అప్పుడు కదులుద్ది."

"మాటలాపి నీళ్లు లాగండర్రా," అనేది చుక్కాని దగ్గర నిలబడ్డ సాయ్‌మూయ్. ఆమె గొంతు ఇంట్లో అంత గట్టిగా ఎవరూ వినలేదు. ఫ్యాక్టరీ గంట కొట్టేలోపు దొరికే ఆ కాస్త సమయం వాళ్లది. మొగుడిది కాదు, అత్తది కాదు, మేస్త్రీది కాదు.

ఇక మగవాళ్ల పడవ. అది ఇనపకర్ర అనే గట్టి కలపతో చేసింది, ఊళ్లో అందరి తాతలకంటే పెద్దది. దాన్ని ముసలాయన అంటారు. ఎండ తగిలితే ఆ కర్ర పగులుతుంది. అందుకే పందేలయ్యాక తల ఊడదీసి మందిరంలో దాచి, పడవ నిండా ఒండ్రు నింపి, పాయ మలుపులో బురద కింద పడుకోబెడతారు. నాలుగో నెలలో డోళ్లతో లేపుతారు. లేపే రోజున ఆడవాళ్లు గట్టు దిగకూడదు. ముట్టుకోవడం మాట అడగనే అక్కర్లేదు.

ఈ ఏడు సమాధుల పండగకి మగవాళ్లంతా కాల్చిన పందిని మోసుకుని కొండ మీది పూర్వీకుల సమాధులకు వెళ్లారు. వంశం సమాధుల దగ్గరికి కోడళ్లు వెళ్లే ఆచారం లేదు. ఊళ్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు మిగిలారు. క్లబ్బువాళ్లు తీరిగ్గా పడవ దింపి మలుపు తిరిగేసరికి, పూడిక తీసే యంత్రమొకటి బల్లకట్టు మీద నిలబడి ఉంది. ఇనప తొట్టె బురదలోకి దిగి, పైకి లేచి, గట్టు మీద కుమ్మరిస్తోంది. దిగిన ప్రతిసారీ ముసలాయన పడుకున్న చోటుకి ఇంకాస్త దగ్గరవుతోంది.

"ఏవయ్యా, ఆపు. కింద మా ఊరి పడవుంది," అని అరిచింది సాయ్‌మూయ్.

యంత్రం నడిపేవాడు ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడు. గాజు తలుపు తీసి, "పడవేంటమ్మా? ఇక్కడ బురద తప్ప ఏం లేదన్నారు నాకు," అన్నాడు.

"బురద కిందుంది. డ్రాగన్ పడవ."

"బురద కింద పడవెందుకు పెడతారు? మునిగిపోయిందా?"

"మేమే ముంచాం."

అతను నవ్వాడు. ఆమెను పిచ్చిదనుకున్నాడో ఏమో. "సాయంత్రానికి మలుపు పూర్తి చెయ్యకపోతే నా పని ఊడుద్ది. మీ పెద్దల్ని రమ్మను, చెప్తే ఆపుతా."

కొండ మీద ఫోన్లు పలకలేదు. తొట్టె మళ్లీ లేచింది. సాయ్‌మూయ్ చుక్కానిని, తనతో పాటే పడవలో ఉన్న కూతురు కాయీ చేతికిచ్చి నీళ్లలోకి దూకింది. పాటు సమయం, నీళ్లు ఛాతీ దాకానే ఉన్నాయి. బురదలో కాళ్లతో వెతుక్కుంటూ వెళ్లింది. పాదానికి మెత్తని ఒండ్రు కింద గట్టిగా, గుండ్రంగా తగిలింది. ముసలాయన మెడ. తల బిగించే చోటు; తల మందిరంలో ఉన్నా ఊళ్లో దాన్నీ తలే అంటారు. దాని మీదికెక్కి నిలబడింది. నీళ్లు నడుము దాకా వచ్చాయి.

"ఇప్పుడు దించు," అంది.

తొట్టె గాలిలోనే ఆగింది. కువాన్ పిన్ని డోలు కొడుతూనే ఉంది, ఎందుకు కొడుతోందో ఆమెకూ తెలియదు. మిగతావాళ్లు పడవను అడ్డంగా తిప్పి నిలబెట్టారు. మధ్యాహ్నం మగవాళ్లు కొండ దిగేదాకా సాయ్‌మూయ్ అక్కడి నుంచి కదల్లేదు.

వచ్చి చూసి, యంత్రాన్ని వెనక్కి పంపి, మగవాళ్లు ఆమె చేతులు పట్టుకున్నారు. వంశంలో పెద్దవాడు ఫూక్ కళ్లు తుడుచుకున్నాడు. కాల్చిన పందిలో మంచి ముక్క కోసి ఆమె గిన్నెలో వేయించాడు. అప్పుడు, అందరి ముందూ, ప్రేమగానే అడిగాడు.

"అంత బురదలో ఎక్కడ నిలబడ్డావు కోడలా?"

బురదలో నిలబడ్డానంటే సరిపోయేది. మా ఊళ్లో పుట్టి పెరిగిన ఆడదైతే అలాగే అనేది. సాయ్‌మూయ్ నీళ్ల మీద పుట్టింది కదా, పడవ సంగతి అడిగితే అబద్ధం రాదు.

"ముసలాయన తల మీద, మావయ్యా."

తినేవాళ్లు తినడం ఆపారు. ఎవరో మాట మార్చారు.

నాలుగో నెలలో ముసలాయన్ని లేపితే మెడ దగ్గర పలకలో చీలిక కనబడింది. అది యంత్రం తొట్టె ఇనప కోర గీసిన గీత అని వడ్రంగి చెప్పాడు. కొందరు విన్నారు, కొందరు విననట్టున్నారు. పండగనాడు, అతిథుల పడవలన్నీ చూస్తుండగా, అటుగా పోతున్న ఇసుక మోసే పడవ రేపిన అల పక్క నుంచి కొట్టి ముసలాయన బోల్తాపడ్డాడు. ఒక కుర్రాడి భుజం ఎముక విరిగింది. ఇసుక పడవను అందరూ చూశారు. సాయంత్రానికి ఇసుక పడవ ఎవరి నోటా లేదు. అందరి నోటా సాయ్‌మూయ్ కాళ్లే.

పెద్దలు తీర్పు చెప్పారు. మైల పోవడానికి పంపరపనస ఆకులు మరిగించిన నీళ్లతో ఆమె ముసలాయన్ని కడగాలి. ముట్టుకోకూడదు కాబట్టి గట్టు మీద నిలబడి పొడుగు వెదురు గరిటెతో పొయ్యాలి. పోస్తూ, నా వల్ల తప్పయింది అనాలి. లేకపోతే ఆడవాళ్లకు రేవు లేదు.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని తాంగ్ అన్నాడు, "రెండు ముక్కలు అనేసి రా. నీ సొమ్మేం పోయింది?"

"అంటే ఏమవుద్దో తెలుసా? ఆ పిల్లాడి భుజం నేనే విరక్కొట్టానని నా నోటితో ఒప్పుకున్నట్టు. రేపు ఊళ్లో ఏది తిరగబడ్డా నా గుమ్మం ముందుకే వస్తారు."

"అనకపోతే క్లబ్బు పోద్ది."

"తెలుసు."

కాయీ గిన్నె పక్కన పెట్టేసింది. "నాన్నా, ఆ రోజు అమ్మ దూకకపోతే మీకు బోల్తాపడ్డానికి పడవే ఉండేది కాదు. ఆ మాట నువ్వెక్కడైనా అన్నావా?"

తాంగ్ చేప ముళ్లు ఏరుకుంటూ కూర్చున్నాడు.

క్లబ్బులో కూడా అందరిదీ ఒకే మాట కాదు. కువాన్ పిన్ని, "ఒక అబద్ధానికి రేవొస్తే చవకే కదే. మా ఆయనకి రోజూ ఎన్ని చెప్తాన్నేను," అంది. పక్కనున్న వాళ్లు నవ్వారు. సాయ్‌మూయ్ కూడా నవ్వింది. నవ్వి, "అందరికీ దక్కాల్సింది నా పంతం వల్ల పోతుందేమోనే," అంది. అది ఆమెను నిజంగానే తినేస్తోంది. నాలుగైదు రోజులు సరిగ్గా తిండి తినలేదు.

కడిగే రోజు రేవు నిండా జనం. సాయ్‌మూయ్ నీళ్లు పోసింది, మెడ మీద, చీలిక మీద, నెమ్మదిగా, వేడి తగలకుండా చంటిపిల్లకి పోసినట్టు. బాల్చీ అయిపోయింది.

"మాట అను కోడలా," అన్నాడు ఫూక్. కోపంగా అనలేదు. అనేస్తే అయిపోతుందని ఆయన ఆశ కూడా.

"తల మీద నిలబడ్డాను మావయ్యా. రేపు మళ్లీ యంత్రమొస్తే మళ్లీ నిలబడతా. తప్పని మాత్రం అనలేను."

జనంలో తాంగ్ ఉన్నాడు. అతని కళ్లు తన చెప్పుల మీద ఉన్నాయి.

మర్నాటికి రేవు మెట్లకు ఇనప గొలుసు, తాళం పడ్డాయి. అప్పటి నుంచి ఆడవాళ్లు పడవను భుజాల మీదికెత్తుకుని, గట్టు వెంబడి నడిచి, ఊరి చివర లాకుల దగ్గర బురదలో దింపుతున్నారు. అక్కడ మెట్లు లేవు, నాచు. మొదటి వారమే కువాన్ పిన్ని జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. డోలూ లేదు, జావ బండీ లేదు. కొందరి మొగుళ్లు ఇక చాలన్నారు, ఆ తెడ్లు గోడకి చేరాయి. వచ్చేవాళ్లతో సాయ్‌మూయ్ ఇంకా చుక్కాని పడుతోంది. పడవ మొయ్యడానికే చేతులు చాలడం లేదు. ఇంకో ఇద్దరు మానేస్తే అది గట్టు మీదే ఉండిపోతుంది.

ఆరో నెలలో ఊరిసభ ఉంది. రేవు మీద ఆఖరి నిర్ణయం అక్కడే. ఇంటికొక గొంతు అంటారు, ఆ గొంతు ఎప్పుడూ మగగొంతే. అలా ఉండాలని రూలు లేదు, అలవాటు. మొన్న సాయ్‌మూయ్ తాంగ్‌ని అడిగింది, "మనింటి తరఫున మాట్లాడతావా, నన్ను వెళ్లమంటావా?"

"చూద్దాం," అన్నాడు.

ఆ 'చూద్దాం' ఎలాంటిదో ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు తెలుసు. కాని ఈసారి పొమ్మని అనలేదు, వద్దనీ అనలేదు. ఆ కాస్త సందు పట్టుకుని ఆమె తను వేసుకెళ్లడానికి తెల్లచొక్కా ఒకటి ఇస్త్రీ చేసి పెట్టుకుంది. ఒక్కతే వెళ్తే ఆమెను ఎవరూ కూర్చోమనరు. అదీ తెలుసు.

అందుకే నేను ఇది రాస్తున్నది. మీరు మాక్‌వాన్ వాళ్లయితే, ఆ సభకు ఈసారి మీ ఇంటి ఆడమనిషిని పంపండి. తల్లినో, భార్యనో, కోడలినో. వెళ్లి సాయ్‌మూయ్ పక్క కుర్చీలో కూర్చుంటే చాలు, మాట్లాడకపోయినా ఫరవాలేదు. మగవాళ్లు మీరే వెళ్లేట్టయితే, ఆ యంత్రాన్ని ఎవరు ఆపారో లేచి నిలబడి ఒక్కసారి చెప్పండి. ఇసుక పడవను మీరూ చూశారు, అదీ చెప్పండి. మా ఊరివాళ్లు కాకపోతే, ఏ ఆదివారమైనా తెల్లవారేసరికి లాకుల దగ్గరికి రండి. నాచు మీద జారని చెప్పులు వేసుకోండి. పడవ బరువుంది, భుజాలు తక్కువున్నాయి.