మా అత్త ఒప్పుకున్న జబ్బులు

పోయిన శనివారం తెల్లవారేసరికి బోధన్‌లో మా మేనత్త లేదు. నిద్రలోనే వెళ్లిపోయింది. నిజామాబాద్‌లో నాకు ఫోను రాగానే ఏడుపు కన్నా ముందు ఒక మామూలు ఉదయం గుర్తొచ్చింది.

అత్త గడపలో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన మామ తునికాకు కత్తిరిస్తున్నాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. నేను లోపల ఉప్మా కలుపుతున్నాను. హైదరాబాద్‌లో యూనివర్సిటీలో క్లినికల్ సైకాలజీ పీజీ చేస్తున్న మా చిన్న చెల్లె, అత్త ముందు కాగితాలు పరిచింది. ఎదుటి మనిషి మనసు సంగతులు అడిగి రాసే అభ్యాసం అది. ముందు ఆరోగ్యంగా ఉన్నవారితో చేయమన్నారట. అమ్మ పోయాక చెల్లెను పెంచింది అత్తే. అందుకే బోణీ ఆమెతోనే.

“నిద్ర పడుతుందా అత్తా?”

“యాడి నిద్ర బిడ్డా! గోడలకెల్లి ఎవలో పిలుస్తుండ్రు.”

“ఇంట్ల ఏమన్న లొల్లి ఉందా?”

“మీ మామ రోజు కొడ్తడు. రాస్కో.”

మామ కత్తెర ఆపి తన రెండు చేతుల వంక చూసుకున్నాడు. చెల్లె తల ఎత్తకుండా రాస్తూనే ఉంది. అత్త నావైపు తిరిగి కన్ను గీటింది.

ఆ కాగితాలు చదివి వాళ్ల మేడం హడలిపోయింది. అత్తను వెంటనే తీసుకురమ్మంది. అత్త పట్టుచీర కట్టి, డబ్బా నిండా సకినాలతో, మామను వెంటబెట్టుకుని బస్సెక్కింది. తోడు నేనూ వెళ్లాను.

“ఇవన్నీ నిజమేనా అమ్మా?” అంది మేడం.

“ఇంటికొచ్చిన పిల్లను ఉత్త చేతుల తోలుతమా మేడం? అన్నం పెట్టిన. రెండు రోగాలు గూడ పెట్టిన. ఏం లేదంటె మార్కులు తక్కువేస్తరని బుగులైంది.”

కరెంటు మీటరు చూడవచ్చినవాడికి కూడా పసుపు కొమ్ములు కట్టిచ్చే మనిషి మరి. మేడం నవ్వాపుకోలేక సకినం కొరికింది. తర్వాత చెల్లెతో, “మాట రాశావు, మనిషిని చూడలేదు” అని మళ్లీ చేయించింది.

ఈసారి అత్త, “నడుం గుంజుతది. నువ్వు పోయినంక బువ్వ సయిస్తలేదు. గంతే” అంది. చెల్లె కలం కింద పెట్టేసింది.

ఆ చదువుకు చివరి పరీక్ష సోమవారం మధ్యాహ్నం, హైదరాబాద్‌లో. అత్త మూడొద్దులు, అంటే మూడోనాటి కర్మ కూడా సోమవారమే. ఆ రోజు పోయినవారు పిట్టై వచ్చి ముద్ద ముడతారని మా నమ్మకం. పరీక్ష తప్పితే చెల్లెకు ఏడాది పోతుంది. శనివారం సాయంత్రం బోధన్‌లో అందరం కూర్చున్నాం.

“పిట్టకు పెట్టక ముందు ఎవ్వలు ఊరు దాటద్దు” అన్నాడు మా నాన్న అన్న, పెద్దబాపు.

“నేనెట్ల పోత? పోను” అంది చెల్లె.

మైల కాబట్టి దీపం పెట్టలేను. మనసులోనే దండం పెట్టుకుని, “పొద్దుగాల్నే పెడ్తే?” అన్నాను.

“మస్తు చెప్పినవ్! గంత పొద్దుగాల పిట్ట వస్తదా?” అన్నాడు పెద్దబాపు.

అప్పుడు మామ నోరు విప్పాడు. “పిల్ల పరీక్షంటె అది చీకట్లనే లేస్తది బావా.”

మొదటి బస్సు కన్నా ముందే పిట్టకు పెట్టాలని, చెల్లె అక్కణ్నుంచే బస్టాండుకు పోవాలని నిశ్చయించాం.