బొట్టు కింద కంపెనీ పేరు

మా చిన్నప్పుడు... దసరా పూజ రోజున, తిరువూరు మెయిన్‌రోడ్డులోని మా కంప్యూటర్ల కొట్లో, గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని నిలబడ్డాను. నాకప్పుడు ఏడేళ్ళు.

కొట్టు అమ్మది. ఒక పెద్ద కంపెనీ వాళ్ళు మాకు లైట్ల బోర్డు పెట్టారు... ఉత్తినే కాదు. ముందు అద్దాల్లో వాళ్ళ కంప్యూటర్లే కనపడాలి. మిగతా కంపెనీలవి లోపలి అలమరలో ఉండాలి.

పూజ కోసం అమ్మ అన్ని కంపెనీల కంప్యూటర్లనీ తుడిచి, ముందు బల్ల మీద పక్కపక్కన పెట్టింది. పక్కపక్కన... ఈ మాట రాస్తుంటేనే నాకు హాయిగా ఉంటుంది.

"అన్నింటికీ బొట్లు పెట్టవే" అంది. నా చెయ్యి అందింది తెర కింది అంచుకే. కంపెనీ పేర్లుండేది అక్కడేనని నాకేం తెలుసు? గంధం దట్టంగా పూసి కుంకుమ అద్దాను. పేర్లన్నీ మాయం!

మర్నాడు పొద్దున్నే ఆ కంపెనీ ఏజెంటు వచ్చాడు.

"మా పేరేది మేడమ్?"

"బొట్టు కింద ఉందండి."

"తుడిచేయండి. ఆ మిగతావి లోపల పెట్టించండి."

"పూజ బొట్టు మేం తుడవమండి. దానంతట అదే రాలాలి."

నేను అమ్మ వెనక దాక్కున్నాను. అంతలో పెనుగొలను నుంచి ఒక రైతు, ఇంటర్ చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏది మంచిదమ్మా?" అన్నాడు.

ఏజెంటు తన కంపెనీది చూపించాడు. అమ్మ అన్నీ ఆన్ చేసి, "అమ్మాయినే చూసుకోనివ్వండి బాబాయ్‌గారూ" అంది.

ఆ అక్క ఒక్కోదాని మీద తన పేరు కొట్టి చూసింది. "ఇది తీసుకుందాం నాన్నా... కీలు మెత్తగా ఉన్నాయి" అంది. అది వేరే కంపెనీది.

ఏజెంటు మొహం మాడిపోయింది. "ఇలాగైతే బోర్డు తీసేస్తాం మేడమ్. మా సరుకూ రాదు."

మా కొట్లో ఎక్కువగా అమ్ముడయ్యేది వాళ్ళ సరుకే. అమ్మ ఒక్క క్షణం బోర్డు వంక చూసింది.

"నిచ్చెన కావాలాండీ?" అంది.

బోర్డు పోయింది. సరుకూ ఆగిపోయింది. నాకు కొంటానన్న సైకిలూ రాలేదు. అంతా నా వల్లేనని ఏడిస్తే, "నువ్వు పెట్టింది బొట్టేనే... దాచమన్నది వాళ్ళు" అంది అమ్మ. ఆ రోజు నుంచి మా కొట్లో ఏదీ అలమరలోకి వెళ్ళలేదు.

మొన్న కాలేజీ కోసం లాప్‌టాప్ కొందామని విజయవాడ వెళ్ళాను. ఒక కొట్లో, రెండు కంపెనీలవి పక్కపక్కన ఆన్ చేయమన్నాను. "ఆఫర్ దీనికే ఉంది మేడమ్, ఇదే తీసుకోండి" అన్నారు. వచ్చేశాను. ఇంకో కొట్లోనూ అంతే... మళ్ళీ వచ్చేశాను. ఇంకా కొనలేదు. పోల్చి చూడనివ్వనిదే కొనను కూడా!

ఇప్పుడు మనం గడప దాటకముందే ఏది కొనాలో ఫోను చెప్పేస్తోంది... ముట్టుకుని చూసి, తీరిగ్గా కాదనుకునే కొట్లు ఏమైపోయాయో!

మీ ఊళ్ళో అలాంటి కొట్టు ఉండేదా? ఉంటే రాయండి... అక్కడ మీరు కొన్నదాని గురించి కాదు, వద్దన్నదాని గురించి.