ఆడపడుచు పోగు పూడ్చిపెట్టిన మా అత్తగారు

మా అత్తగారు పోయిన శనివారం తెల్లవారుతుండగా కన్నుమూశారు. కబురు నందిగామ బస్టాండు దాటిందో లేదో చుట్టాలంతా మందలా దిగారు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ "పందుల దొరసాని" అని చాటున నవ్వినవాళ్ళే ఆ రోజు "మహాతల్లి" అంటూ చెంగులు కళ్ళకద్దుకున్నారు. చెంగులు తడిసిందీ లేదు, పాడూ లేదు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు సమాధి దగ్గర ఆవిడ ఓర్పు గురించి చాలాసేపు చెప్పారు. మా అత్తగారికి ఓర్పు ఎక్కడిది? మనిషి వట్టి నిప్పు. ఆ నిప్పు వల్లనే మేమందరం ఇంత తిన్నాం. అందుకే నాలుగు నిజాలు రాద్దామని కూర్చున్నాను.

మా ఇల్లు నందిగామ అవతల, చందర్లపాడు రోడ్డు పక్కన. ఇంటికి వెళ్ళే దారి మీదే పందుల దొడ్డి ఉంటుంది. మిగతావాళ్ళ పందులు ఊరి మురుగంతా తిరిగి పొట్టపోసుకుంటుంటే, మా తెల్ల సీమపందులు మాత్రం రాతిగోడ లోపల దర్జాగా బతికేవి. బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో మిగిలిన అన్నం, సాంబారు కడవలకెత్తి తెచ్చేవాళ్ళం. పెద్ద డేగిసాలో పోసి కుతకుత ఉడికించందే ఒక్క ముద్ద కూడా మా అత్తగారు వాటి ముందు పెట్టనిచ్చేవారు కాదు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, పొగకు తాళలేక "వేడెక్కింది, చాల్లే అత్తయ్యా" అన్నాను.

"వేడెక్కితే నీళ్ళు పోసుకోడానికి పనికొచ్చుద్ది. ఇది ఉడకాల. ఇంకో కట్టె ఎగదొయ్యి" అన్నారు.

కొత్త పందిని కొంటే చేను చివర పాకలో వేరుగా కట్టించేవారు. దొడ్లో పనంతా అయ్యాకే దానికి మేత. దాని దగ్గరకు వెళ్ళినవాళ్ళు మర్నాడు స్నానం చేసి బట్టలు మార్చుకునేదాకా దొడ్డి వైపు రాకూడదు. "రోగానికి వేరే కాళ్ళు లేవే, మన కాళ్ళతోటే నడిచొచ్చుద్ది" అనేవారు. ఈ మాటకు మా చుట్టాలు ఎంత నవ్వారో చెప్పలేను. పందికి మడేమిటని ఒకరు, రేపు దానికి పౌడరు కూడా రాస్తుందని ఇంకొకరు. మా ఆయన బడిపంతులు. ఇంట్లో పందులున్నాయని తోటి పంతుళ్ళతో చెప్పుకోడానికి ఆయనకూ నామోషీయే. ఆ పందుల డబ్బుతోనే చదువుకోవడం మాత్రం నామోషీ అనిపించలేదు.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. పందిని కోస్తే మాంసం పోగులు వేస్తారు. మొదటి పోగు ఆ ఇంటి ఆడపడుచుది. తోడబుట్టినవాడే తెచ్చివ్వాలి. ఆమె కొంగుపట్టి అందుకోవాలి. కాదంటే పుట్టింటితో తెగదెంపులు చేసుకున్నట్టే.

ఒక ఏడు జగ్గయ్యపేట వైపు పందులకు జ్వరం తగిలింది. మేత ముట్టవు, ఒళ్ళంతా ఎర్రబారుతుంది, వెనక కాళ్ళు ఈడుస్తాయి, పడిపోతాయి. జనం ఏం చేశారు? పడిపోయేలోపు కోసేశారు. చచ్చేముందు కోస్తే దోషం లేదన్నది మా వాళ్ళ శాస్త్రం. ఊరూరా పోగులు పంచారు. పంచుకున్నవాళ్ళు మాంసం కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలో పోశారు, ఎముకలు పందులకే విసిరారు. జబ్బు పందిని కడిగిన నీళ్ళు మంచి పందికి తాగించి, అది పడిపోగానే దేవుణ్ణి తిట్టారు. ఇంత తెలివి ఏ బళ్ళో నేర్పుతారో నాకు తెలియదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా అత్తగారి తమ్ముడు జగ్గయ్యపేట నుంచి ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. ఆవిడకు తోడబుట్టినవాడు అతనొక్కడే. చేతిలో మోదుగాకుల పొట్లం, బండిలో కాళ్ళు కట్టిన రెండు ఆడపందులు. దొడ్డి తడిక దగ్గర బండి ఆపాడు.

"నీ పోగు తెచ్చానక్కా. ఈ రెండిటినీ నీ దొడ్లో ఉంచు. బాగానే ఉన్నాయి. అక్కడుంటే పోతాయి."

ఆవిడ తడిక తియ్యలేదు. "ఎందుకు కోసావురా?"

"చుట్టాలొచ్చారు."

"ఏ చుట్టాలు? కోసే ముందు రోజు మేత తిన్నదా అది?"

అతను ఎడ్ల వైపు చూశాడు. "తిన్లేదు. అయితే ఏమైంది? మేమంతా తిన్నాం, మాకేం కాలేదు."

"నీకేమవుద్దిరా, నువ్వు పందివా? వచ్చేది నా పందులకి."

"అంటే నీకు నాకంటే పందులెక్కువా?"

"ఇంట్లోకి రా. కాళ్ళు కడుక్కుని బువ్వ తిను. అవి మటుకు బండి దిగవు" అన్నారు. పొట్లాన్ని గోతంలో పట్టుకుని రోడ్డవతలకు తీసుకెళ్ళి, లోతుగా గొయ్యి తవ్వించి, సున్నం పోసి పూడ్పించారు. అతని కళ్ళముందే.

"నా చేత్తో తెచ్చిన పోగు మట్టిలో పెట్టావు. నువ్వు చచ్చినా నీ గడప తొక్కను" అని అతను బండి తిప్పుకున్నాడు.

ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు. నా ఎదుటే వెక్కి వెక్కి ఏడ్చారు. నాకు అతని మీద కోపం మండిపోయింది. ఇవాళ్టికీ చల్లారిందని చెప్పను. తన నిర్వాకం దాచిపెట్టి, అక్క కొంప కూడా ముంచడానికి ఆచారం పేరుతో పొట్లం కట్టుకొచ్చినవాణ్ణి ఏమనాలి?

బండిలో తెచ్చిన రెండూ కొద్దిరోజులకే పోయాయి. అతని దొడ్డంతా ఖాళీ అయింది. సాగరు కాలువ తవ్వకంలో కూలికి వెళ్ళాడని విన్నాం. మా దొడ్లో ఒక్కదానికీ ఏమీ కాలేదు. దానికి మా చుట్టాలు చెప్పిన కారణం, ఈవిడ ఏడుపు తగిలే మిగతావాళ్ళ పందులు చచ్చాయని. తమ్ముణ్ణి తరిమిన రాక్షసి అని పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. పందిపిల్లలు కావలసి వచ్చినప్పుడు మాత్రం సిగ్గులేకుండా మా తడిక దగ్గర వరస కట్టారు. ఆవిడ ఇచ్చారు. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

ఈత ఈతకూ తమ్ముడికి కబురు పెట్టేవారు. "దొడ్డికి సున్నం కొట్టి ఎండాకాలమంతా ఖాళీగా వదిలెయ్యి. తర్వాత వచ్చి పిల్లల్ని తోలుకుపో." జవాబు వచ్చేది కాదు. పంతానికి పోకుండా ఆ వేళ పోగు తీసుకుని ఉంటే సరిపోయేది కదా అత్తయ్యా అని నేను ఒకసారి అంటే, "వాడు కోపమొచ్చి పోయాడు, కోపం తగ్గితే వస్తాడు. పందులు పోతే రావే" అన్నారు. జగ్గయ్యపేట నుంచి ఎవరొచ్చినా మొదట అడిగేది అతని గురించే. ఆవిడ ఒంట్లో ఊపిరి ఉండగా అతను రాలేదు.

శనివారం నాడు నేను శవప్పెట్టె పక్కన కూర్చుని ఉన్నాను. వేదాద్రి వైపు మళ్ళీ పందుల జ్వరం ఉందని అప్పటికే విన్నాం. అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు ఏడుపు ముగించి, నీళ్ళు తాగి, ఎన్ని పందులున్నాయో చూద్దామని దొడ్డి వైపు బయలుదేరారు. శవం ఇంకా ఇంట్లోనే ఉంది. నేను లేచి అడ్డం వెళ్ళబోయాను. అంతలో "అటు పోవద్దు" అని గట్టిగా వినిపించింది.

కిటికీలోంచి చూశాను. తల నెరిసిన మనిషి తడికకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆవిడ తమ్ముడే.

"ఆపడానికి నువ్వెవరివయ్యా? నీ పందులే రోగమొచ్చి పోయినై" అన్నాడొక పెద్దమనిషి.

"పోయినై. అందుకే చెబుతున్నా. మీ ఊళ్ళో జ్వరం ఉంది, పక్కకి జరుగు."

అక్క మొహం చూసిపొమ్మని నేనే బయటకొచ్చి పిలిచాను. "నేను కదిలితే వీళ్ళు దూరతారమ్మాయ్" అన్నాడు. ఒట్టు పెట్టుకున్నాడు కదా, అందుకే లోపలికి రావడం లేదనుకున్నాను. అతని మొహం చూస్తే అది కాదని తెలిసింది.

పెట్టె లేచింది. దొడ్డి పక్కనుంచి వెళ్తుంటే, ఎవరూ చెప్పకుండానే మోసేవాళ్ళు అక్కడ కాసేపు ఆగారు. అతను ముందుకు వంగి పెట్టె మీద ఒక చెయ్యి వేశాడు. రెండో చెయ్యి తడికను వదల్లేదు.