సమాధి మీద గులకరాళ్ళు

మొన్న శుక్రవారం చర్చి నుంచి వచ్చి, ఇక్కడ గల్ఫ్‌లో, అల్ రయ్యాన్‌లోని మా అమ్మాయి ఇంట్లో భోజనాలకు కూర్చున్నాం. చేపల పులుసు కలుపుకుంటూ, యూదుల గురించి పాస్టరు గారు చెప్పిన ప్రసంగం గుర్తొచ్చి, "నేను యూదుల కొట్లో పదకొండేళ్ళు చేశాను. ఇదిగో, ఈ పక్కనే, బహ్రెయిన్ దీవిలో" అన్నాను. మా అల్లుడు మెసయీద్‌లో ఆఫీసు ఉద్యోగి, పెద్ద చదువు చదివాడు. పకపకా నవ్వాడు. "యూదులు బైబిల్లో ఉంటారు గానీ గల్ఫ్‌లో ఎక్కడండీ మావయ్యగారూ! మీరు ఏ పార్సీ వాళ్ళనో చూసుంటారు." కలిపిన ముద్ద కంచంలో పెట్టేశాను. అయిదో తరగతితో బడి మానేసి, సరుకు చుట్టి వచ్చిన పాత పేపర్లు చదివి లోకం తెలుసుకున్నవాణ్ణి. కళ్ళతో చూసింది చెప్పడానికి నాకు ఒకరి సర్టిఫికెట్టు కావాలా? తాము వినకపోతే లోకంలోనే లేదనుకునే చదువులు ఇవి!

ఉన్నారు. మనామా బజారులో మా సేఠ్‌ది బట్టల కొట్టు. వాళ్ళ తాత బాగ్దాద్ నుంచి వచ్చాడు. ఒకప్పుడు కొన్ని వందల మంది ఉండేవారట. ఏదో గొడవలో వాళ్ళ ప్రార్థన మందిరం పగలగొట్టారట. అప్పటినుంచి ఒక్కో ఇల్లే ఖాళీ అవుతూ, నేను చేరేనాటికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కుటుంబాలు మిగిలాయి. శుక్రవారం పొద్దు గూకితే వాళ్ళ విశ్రాంతిదినం మొదలు, అందుకని ఆలోపే సేఠ్ షట్టరు దించేయించేవాడు. గడపలో బేరం నిలబడి ఉన్నా సరే, "బస్, యల్లా! ఇక పదండి!" అంతే. ఆయనకు నా పని మీద నమ్మకం, నా హిందీ మీద జాలి.

చివరికి సేఠ్ కూడా లండన్‌లో పిల్లల దగ్గరికి ప్రయాణమయ్యాడు. తనకంటే పదేళ్ళు పెద్దదైన అక్కను కూడా తీసుకెళ్తున్నాడు. వెళ్ళే ముందు ఇద్దరూ తల్లి సమాధి చూసుకోవాలి. "గడ్డి పెరిగిపోయింది, కాస్త బాగుచెయ్యి" అని నన్ను పంపాడు. ప్రహరీ లోపల చిన్న శ్మశానం. మా గోదావరి వైపు ఈస్టరుకు ముందురోజు సమాధుల తోటలో చేసే పనే కదా! కలుపు పీకాను, కడిగాను, మల్లెపూవులా సున్నం కొట్టాను. ఆ సమాధి పలక మీద పనిలేని పిల్లలు పెట్టినట్టు ముప్ఫై నలభై గులకరాళ్ళున్నాయి. ఊడ్చి, గంపకెత్తి, ప్రహరీ అవతల కంకరగుట్ట మీద పోశాను. బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు కూడా నిలబెట్టాను. ఇలాంటి పనిమంతుడు సేఠ్‌కు లండన్‌లో దొరకడనుకున్నాను.

సేఠ్ వెంట వాళ్ళ అక్క కర్ర ఊతంతో వచ్చింది. పూలు చూడలేదు, సున్నం చూడలేదు. "పత్థర్ కిధర్?" అంది, రాళ్ళేవని. చెత్త పారబోశానని గొప్పగానే చెప్పాను. సేఠ్ తల పట్టుకున్నాడు. వాళ్ళలో సమాధి చూడవచ్చినవాళ్ళు పూలు పెట్టరు, ఒక రాయి పెట్టి వెళ్తారని అప్పుడు చెప్పాడు. దీవి విడిచిన చుట్టాలందరూ చివరిసారిగా వచ్చి అక్కడ రాయి పెట్టి పోయారు. ఏది ఎవరిదో ఆమెకు గుర్తే. అందులో ఆమె పెద్దకొడుకు పెట్టిందీ ఉంది. వెళ్ళిన దేశంలోనే పోయాడతను. అతని సమాధి ఆమె చూడనేలేదు. ఆ రాయిని ఒక్కసారి చేత్తో తాకి వెళ్దామని వచ్చింది.

పరిగెత్తాను. గుట్ట మీంచి దోసిళ్ళతో తెచ్చి చూపించాను. "ఇదా అమ్మా? పోనీ ఇదా?" ఒక్కోదాన్నీ వేళ్ళతో తడిమి తల అడ్డంగా ఊపింది. కంకరలో కలిసిన గులకరాయికి ఆనవాలేముంటుంది? ఎండ నెత్తికెక్కింది. ఆమె నన్ను తిట్టలేదు; తిట్టినా బాగుండేది. "ఛోడ్ దే బేటా. ఖలాస్" అంది, ఇక వదిలెయ్యమని. నేను తెచ్చినవాటిలోంచి ఒకటి తీసి పలక మీద పెట్టి, ఇంకొకటి నా అరచేతిలో ఉంచింది. నేను సేఠ్ వైపు చూశాను. "పెట్టు. ఇక ఇక్కడికి వచ్చేవాడివి నువ్వొక్కడివే" అన్నాడు. పెట్టాను.

సేఠ్ కొట్టు నాకు అప్పగించి వెళ్ళాక, మూడేళ్ళపాటు ఆ సమాధి దగ్గరికి వెళ్ళి వస్తూ ఉన్నాను. ఆ తర్వాత కొట్టు చేతులు మారింది, కొత్త యజమాని నన్ను రెండు రోజుల్లో విమానం ఎక్కించాడు. మూటలు కట్టుకునే హడావిడిలో, పోయేవాడిగా నేనూ ఒక రాయి పెట్టిపోవాలని తోచనేలేదు. ఇక్కణ్ణుంచి ఆ దీవి విమానంలో గంట ప్రయాణం కూడా కాదు; ఈ మోకాళ్ళతో, ఈ చుట్టపుచూపు వీసాతో ఇక వెళ్ళలేను. ఎన్నో మరిచిపోయాను గానీ, ఆ ఉదయం మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ నాకు ఇంకా దగ్గరగా జరుగుతూనే ఉంది.