లాంచీ మీద తెల్లని పొర

నిన్న పొద్దుటి నుంచీ ముసురు. పక్క వాటావాళ్ళు కొత్త తలుపుకి లక్క పాలిష్ పెట్టిస్తున్నారు. స్పిరిట్ వాసన వరండా దాటి నా మంచం దాకా వచ్చింది. ఈ తేమలో ఎందుకయ్యా, తెల్లబడిపోతుంది అని వెళ్ళి చెప్పాను. పాలిష్ పెట్టేవాడు ముసలాడి చాదస్తం అనుకున్నట్టున్నాడు, నవ్వి ఊరుకున్నాడు. తిరిగొచ్చానే గాని ఒకచోట నిలవలేకపోయాను. ఆ వాసన వస్తే దానియేలు మేస్త్రి గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే నాకు కుదురుండదు.

పందొమ్మిదివందల యాభైల్లో మద్రాసు వాషర్‌మెన్‌పేటలో ఆయనకు చిన్న కార్ఖానా ఉండేది. రేవు కంపెనీలు తమ ఆఫీసుల్లో అద్దాల పెట్టెల్లో పెట్టుకోవడానికి ఓడలకూ లాంచీలకూ చెక్క నమూనాలు చేయించుకునేవి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళయి ఏడాది. చేతిలో వేగం ఉంది, ఓపిక లేదు. మేస్త్రి రంగు ఆరిందో లేదో ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవారు. వాసన పూర్తిగా పోతేనే రెండో పూత. నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, "నీకోసరం రంగు తొందరగా ఆరదప్పా, కూచో" అనేవారు.

మెరిస్తే అది పిల్లల బొమ్మలా ఉంటుందని, చివరి పూతకు వాడే లక్క వార్నిష్‌లో మెత్తటి సుద్దపొడి కలిపి మెరుపు చంపేవారు. ఎంత పొడి అన్నది కొలిచేవారు కాదు. చేత్తో వేసి కలపడమే. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదట. ఆ చేతిమీద ఆయనకున్న నమ్మకం చూస్తే నాకు అసూయగా ఉండేది.

ఒక లాంచీ నమూనాకి ఆ పూత ఒక్కటే మిగిలింది. మేస్త్రి ఇత్తడి తీగ కోసం సౌకార్‌పేట వెళుతూ, మబ్బు విడిచేదాకా తాను కలిపి ఉంచిన వార్నిష్ డబ్బా మూత తీయవద్దని మరీ మరీ చెప్పారు. ఆయన వచ్చేసరికి పూర్తిచేసి శభాష్ అనిపించుకోవాలని నా ఆరాటం. జల్లు పడుతుండగానే పూత వేసేశాను. అరగంటలో నల్లటి లాంచీ మీద బూజు పట్టినట్టు తెల్లని పొర లేచింది.

మేస్త్రి వచ్చి చూసి అరవలేదు. వేలు తడిచేసి దానిమీద ఆనించారు. తడి ఉన్నంతసేపు కింద నలుపు స్పష్టంగా కనబడింది, ఆరగానే మళ్ళీ తెలుపు. రంగుకు దెబ్బ లేదు, చెడింది పై పూతే అన్నారు. తరువాత నా వైపు తిరిగారు.

"వాన రాకముందే ఏసినావా?"

"అవును మేస్త్రీ, మధ్యలో మబ్బు విడిచింది, ఆ ఎండలోనే" అన్నాను.

నమ్మారు. నమ్మారు గనుకనే పొడి ఎక్కువైందనీ, అంటే తన చెయ్యే తప్పిందనీ అనుకున్నారు. మరునాటికి వాన వెలిసింది. ఆయన కొత్తగా వార్నిష్ కలిపి చెక్కముక్కల మీద పూసి చూడటం మొదలుపెట్టారు. అన్నీ శుభ్రంగానే ఆరాయి. వాన లేనప్పుడు ఆరవూ మరి? అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు, కుదిరేదాకా లాంచీ ముట్టనన్నారు. ఒక్కో ముక్కా నా ముందుకు తెచ్చి, నీ కళ్ళు పడుచువి, తెలుపేమైనా కనిపిస్తోందా అని అడిగేవారు. కంపెనీ గుమాస్తా వస్తే, చేతికి వయసైపోయింది, తప్పు నాదే అని చెప్పుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నం ఆయన ఇంకో ముక్క పట్టుకొని వస్తుంటే ఉండబట్టలేక నిజం చెప్పేశాను.

ఆయన చేతిలోని ముక్కను కింద పెట్టేశారు.

"వార్నిష్ చెడగొట్టినావు, దాన్ని గంటలో సరిచేస్తా. నా చేతిమీద నాకే అనుమానం పుట్టించినావే, దాన్ని ఎట్ట సరిచేసేదిరా?"

నిజంగానే గంటలో అయిపోయింది. ఎండ తగిలే కిటికీ దగ్గర, పొడి కలపని పలుచటి లక్క ఒక్క పూత వేశారు. తెలుపు దానిలో కరిగిపోయింది. ఆరాక పొడి కలిపిన పూత పలుచగా వేసి మెరుపు చంపారు. నేను పక్కన నిలబడి చూశాను, బ్రష్షు అందుకోబోతే ఇవ్వలేదు.

నన్ను పొమ్మనలేదు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆనాటి నుంచి వార్నిష్ కలిపినప్పుడల్లా ముందు ఒక చెక్కముక్క మీద గీసి, ఆరేదాకా కూర్చుని చూశాకే నమూనా ముట్టేవారు. అంతకుముందు ఆయనకా అలవాటు లేదు. పోయేవరకు మానలేదు.

తరువాత నేను అంబత్తూరులో సొంత షెడ్డు పెట్టుకున్నాను. నేనూ అలాగే ముక్క మీద గీసి చూసేవాణ్ణి. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఇది పాత మేస్త్రిగారి మంచి పద్ధతి అని చెప్పుకుంటూ ఇప్పటికీ పాటిస్తున్నారు. అవునని నేనూ తలూపుతూ వచ్చాను. నా అబద్ధం ఆయన చేతికి తెచ్చిపెట్టిన వణుకది అని వాళ్ళలో ఒక్కరికీ చెప్పలేకపోయాను.