వచ్చిన ప్రతి పెద్దమనిషికీ ఒక చూయింగ్ గమ్

ఈ సంగతి రాసి పెట్టడానికి కారణం ఉంది. జనగామలో నా కుట్టు దుకాణానికి జాకెట్లు బిగించమని వచ్చేవాళ్లలో ఈ మధ్య బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు కనిపిస్తున్నారు. కొలతలు తీసుకుంటూ మాట కలిపితే చివరికి అడిగేది ఒకటే: "అక్కా, నోరు ఊకె ఎండుతాంది. చూయింగ్ గమ్ నమిలితే ఏమన్న అయితదా?" నేను నోరు తెరిచేలోపు బెంచీ మీద కూర్చున్నవాళ్లు తలా ఒక జవాబు చెబుతారు. ఏమీ కాదని ఒకరు, పేగులకు చుట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుందని ఇంకొకరు. రెండూ తప్పే. ఎందుకు తప్పో కొంత గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నాను, కొంత మా అక్క వల్ల తెలిసింది. ఎవరి పేరూ రాయనని అక్కకు మాట ఇచ్చాను కాబట్టి ఇందులో పేర్లు ఉండవు.

నా బడి పదో తరగతితో ఆగిపోయింది గానీ చదువు ఆగలేదు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ షట్టర్ సగం దించి గ్రంథాలయానికి వెళ్తాను. అక్కకు ఆపరేషన్ అనుకున్నప్పుడు అక్కడ మనిషి శరీరం గురించి ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. తిన్నది ఎటు నుంచి ఎటు పోతుందో, పొట్టలో నుంచి పేగులోకి దారి ఎలా ఉంటుందో కాగితం మీద బొమ్మ వేసి అక్కకు చూపించాను. మా బావ నన్ను పేపర్ డాక్టరమ్మ అంటాడు. ఎగతాళే అయినా నాకు ఆ పిలుపు ఇష్టం.

అక్కది భూపాలపల్లి జిల్లా చిట్యాల దగ్గర. పత్తి చేను, ఇంటినిండా జనం. ఒంటి బరువుకు మోకాళ్లు అరిగాయి, షుగర్ ముదిరింది. హనుమకొండ దవాఖానలో పొట్టను చిన్న సంచిలా చేసి, దానికి పేగును కలిపారు. ఆ కలిపిన చోట దారి చాలా సన్నగా ఉంటుంది. కొంచెం కొంచెంగా తినడం అక్క తొందరగానే నేర్చుకుంది. కష్టమైంది ఆకు-వక్క మానడం. తిన్నాక ఆకు వేసుకోకపోతే ఆమెకు తిన్నట్టే ఉండదు. డాక్టరు వద్దన్నాడని మానేసింది. దాని బదులు చూయింగ్ గమ్ పట్టుకుందన్న సంగతి మాత్రం నాకు తెలియదు.

అక్క అత్తగారింటి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మామ వరుసయ్యేవాళ్లు వాకిట్లోకి వస్తే కోడలు కొంగు సర్దుకుంటుంది. ఆమె నోరు ఆడుతూ కనిపించకూడదు. వాళ్ల ముందు నుంచి లేచి వెళ్లి ఉమ్మేయడం నమలడం కన్నా పెద్ద తప్పు. అందుకని ఆ ఇంటి ఆడవాళ్లు నోట్లో ఉన్న ఆకు-వక్కను గుటుక్కున మింగేస్తారు. ముసలి అత్తకూ, నిన్నగాక మొన్న వచ్చిన కోడలికీ ఈ విద్య వచ్చు. అక్క పాతికేళ్లకు పైగా మింగుతూనే ఉంది. ఆమె గొంతుకు అది అడగకుండానే జరిగిపోయే పని.

ఆపరేషన్ అయిన మూడో నెలలో అక్క ఆడబిడ్డ నర్సింహులపేటలో కొత్త ఇంటి గృహప్రవేశం పెట్టుకుంది. నేనూ వెళ్లాను. అక్కను చూసి ఆడబిడ్డ నోరు వెళ్లబెట్టింది.

"ఏంది వదినా, సగమైనవ్! మిగిలిన సగం యాడ పెట్టినవ్?"

"మీ అన్నకు కౌలుకిచ్చిన" అంది అక్క. బావ తన పొట్ట తడుముకున్నాడు. అందరూ నవ్వారు.

భోజనాలు అవుతుండగా అక్క కనిపించలేదు. వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేయి రొమ్ము మధ్యలో పెట్టి గట్టిగా నొక్కుకుంటోంది. ముఖమంతా చెమట. గుక్కెడు నీళ్లు తాగిస్తే అవి అలాగే తిరిగి వచ్చాయి, వెంట నురగ వచ్చింది. అక్క అత్తగారు అప్పటికే అరటిపండు ఒలిచి పట్టుకున్నారు.

"అందరు గట్ల చూస్తిరి, దిష్టి తగిలింది. ఏదో అడ్డంబడ్డది. గీ పండు నమలకుంట మింగు బిడ్డా, తోసుకుంట పోతది."

మా వైపు గొంతులో చేపముల్లు ఇరుక్కున్నా ఇదే వైద్యం. నేను అడ్డం వెళ్లాను.

"జర ఆగు అత్తమ్మా. అక్కా, ఏం తిన్నవే?"

"ఏం తినలే. పప్పుకట్టు తాగిన, గంతే."

"మరి నోట్లె ఏమేసుకున్నవ్?"

గుమ్మం దగ్గర నిలబడ్డ బావ అన్నాడు: "పొద్దటిసంది చూయింగ్ గమ్ నములుతనే ఉన్నది. గదేమైంది?"

"మింగిన."

"ఎందుకు మింగినవే?" అని నేనడిగాను.

"చిన్నమామ ఎదురుంగ వచ్చిండు."

"ఒక్కటేనా?" అన్నాను.

"ఆయన పోయినంక ఇంకోటేసుకున్న. గప్పుడే ఆడబిడ్డ వాళ్ల మామ వచ్చిండు. ఆయన లేచినంక ఇంకోటి..."

"అయ్యో, ఎందరొచ్చిన్రే?"

"ఇంటి పండుగాయె కదనే చెల్లె, అందరొచ్చిన్రు."

వచ్చిన ప్రతి పెద్దమనిషికీ ఒకటి. నాకు గ్రంథాలయంలో చూసిన బొమ్మ కళ్లముందుకు వచ్చింది. గమ్ పొట్టలో కరిగేది కాదు. మామూలు పొట్టయితే ఒకటి మింగినా తనంతట అదే కిందికి పోతుంది. అక్క పొట్టలో ఆ సన్నని దారి మీద అవన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉండలా కూర్చున్నాయి. దాని మీద అరటిపండు పడితే?

"చెరువు తూముల పేలికలు ఇరికితే పైనుంచి మన్ను పోస్తమా అత్తమ్మా? నీళ్లు సుత వద్దు. ఏం పెట్టకుండ్రి. బావా, దవాఖానకు ఫోన్ కొట్టు."

బావ తటపటాయించాడు. "పండుగ నడుమల పోతే చెల్లె ఏమనుకుంటది?"

ఆడబిడ్డ వెనకే ఉంది. "నా ఇల్లు యాడికి పోదన్నా. ముందుగాల వదినను తీస్కపో."

నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా వెంటనే తీసుకురమ్మని ఫోన్‌లో చెప్పారు. తొర్రూరు మీదుగా వెళ్తున్నంతసేపూ అక్క నా చేయి వదల్లేదు. "నేను చస్తనానే?" అని ఒకసారి అడిగింది. "చావవు, కక్కుతవ్" అన్నాను.

దవాఖానలో నోటి గుండా గొట్టం వేసి ఆ ఉండను బయటికి తీశారు. ఉసిరికాయంత ఉంది. కోత అవసరం పడలేదు. అక్క తేరుకున్నాక డాక్టరును నా ప్రశ్నలన్నీ అడిగాను. ఆపరేషన్ తర్వాత గమ్ నమిలితే పేగులు తొందరగా కదులుతాయని ఒక పత్రికలో చదివాను, అది అబద్ధమా అన్నాను. కాదట. కొన్ని వేరే ఆపరేషన్లలో డాక్టర్లే ఆ మాట చెబుతారట. అక్కలాంటివాళ్ల సంగతి వేరు. నమిలేటప్పుడు గాలి మింగుతాం, చిన్న పొట్ట ఉబ్బి నొప్పి పెడుతుంది. చక్కెర లేని గమ్‌లో వేసే తీపి కొందరికి విరేచనాలు తెస్తుంది. మింగితే ఏమవుతుందో మేం చూశాం. ఆపరేషన్ పుండు మానాక నమలొచ్చని కొందరు డాక్టర్లు ఒప్పుకుంటారు, ఎప్పటికీ వద్దని కొందరు అంటారు.

కాబట్టి నా దుకాణంలో నేను చెప్పే జవాబు ఇది. ఆపరేషన్ చేసిన డాక్టరును అడిగేదాకా ముట్టొద్దు. ఆయన సరేనన్నా, మింగే అలవాటున్న నోరైతే మానుకోవడమే మేలు. నోరు ఎండితే నీళ్లు గుటక గుటకగా తాగాలి. పొరపాటున ఒకటి లోపలికి పోతే హడలిపోనక్కర్లేదు. నొప్పి లేచినా, నీళ్లు దిగకపోయినా పండూ వద్దు, అన్నం ముద్దా వద్దు, దవాఖానకు పోవాలి.

తర్వాత చిన్నమామ, అంటే అక్క మామగారి తమ్ముడు, చిట్యాలకు అక్కను చూడటానికి వచ్చారు. "నన్ను చూసి మింగినవా కోడలా? నేనేమన్న పులినా?" అన్నారు.

అక్క తల వంచుకుంది. జవాబు అత్తగారి నుంచి వచ్చింది. "మీ బాపును చూసి నేను మింగిన ఆకులకు ఒక తోటయ్యేది. గప్పుడు అడగకపోతివి?"

ఆయన మీసం దువ్వుకున్నారు.

మాకు తోడైనవాళ్లను తలుచుకోకుండా ఇది ముగించలేను. పేర్లు వద్దన్నారు కాబట్టి వరుసలతోనే పిలుస్తున్నాను. మీరు నిండుగా ఉండాలి: పండుగ మధ్యలో మమ్మల్ని సాగనంపి, అది అరిష్టమన్న మాట ఎవరినీ ఎత్తనివ్వని అక్క ఆడబిడ్డా, బండిని జాగ్రత్తగా పరుగెత్తించిన బావా, ఒలిచిన అరటిపండును మారు మాట్లాడకుండా పక్కన పెట్టిన అత్తమ్మా, నా ప్రశ్నలకు విసుక్కోని డాక్టరు గారూ, సాయంత్రం తలుపులు మూసేవేళ కూడా ఇంకో పేజీ చదువుకోమని ఆగే గ్రంథాలయం సారూ.

అందరికన్నా చివర చిన్నమామా, మీకు. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా గేటు దగ్గరే నిలబడి గట్టిగా దగ్గుతున్నారట. లోపల కోడళ్లు నోట్లో ఉన్నది ఉమ్మేసి కడుక్కున్నాకే కాలు లోపల పెడుతున్నారట. ఆ దగ్గుకు మా అక్క తరఫున దండం.