చిలకమ్మ నవ్వలేదు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా వరస రైల్వే కోర్టర్ల వాళ్లు చిలకమ్మ ప్రస్తావన రాగానే ఒక మాట అనేవారు, "ఆవిడికి నవ్వడం రాదు" అని. అది పచ్చి అబద్ధం. పంపు దగ్గర బిందెలు నింపుకుంటూ ఆవిడ నవ్విందంటే సందు చివర చాయ్ దుకాణం దాకా వినిపించేది. ఆవిడ నవ్వనిది ఒక్క విషయానికే. ఆ విషయానికి వీధి వీధంతా నవ్వేది కనక, నవ్వని మనిషిదే తప్పయింది.

చిలకమ్మది టెక్కలి దగ్గర పల్లె. వర్క్‌షాప్‌లో ఫిట్టరు గోవిందరావుని పెళ్లి చేసుకుని ఖరగ్‌పూర్ వచ్చింది. వచ్చిన కొత్తలోనే ఆ వీధి వినోదం ఏమిటో ఆమెకు తెలిసింది. ఆ వినోదం పేరు సుందర్ రాజు.

సుందర్ రాజు రైల్వేలో కాల్‌మేన్. బండి నడపాల్సిన డ్రైవర్లకూ గార్డులకూ వేళ కాని వేళ సైకిలు మీద వెళ్లి, తలుపు కొట్టి, ఫలానా బండికి డ్యూటీ అని చెప్పి రావడం అతని ఉద్యోగం. ముప్పై ఏళ్లుంటాయి. తల్లీ తండ్రీ పోయారు, ఒక్కడే ఒంటిగదిలో ఉండేవాడు. అతనికి నత్తి. ముఖ్యంగా క, ఖ అక్షరాల దగ్గర మాట ఆగిపోయేది. అందుకని అతన్ని ఆపి, "సుందర్ రాజూ, నువ్వు ఏ ఊళ్లో ఉంటున్నావురా?" అని అడిగేవారు. అతను ఖరగ్‌పూర్ అనబోయి మెడనరాలు ఉబ్బి, కళ్లు మూసుకుని అవస్థపడుతుంటే, గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్లు కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవారు. చివరికి అతనూ నవ్వేవాడు. "చూశావా, వాడే నవ్వుతున్నాడు" అనేవారు.

ఆ ఆటకి నాయకుడు గోపాలం. రైల్వే ఆఫీసులో గుమస్తా. ఎవరి గొంతయినా అనుకరించగలడు. పెళ్లయినా పండగయినా అతను లేకపోతే వెలితిగా ఉండేది. సుందర్ రాజు తలుపు కొట్టడం, గార్డు నిద్రకళ్లతో బయటికి రావడం, మాట సగంలో ఇరుక్కోవడం, ఈలోగా బండి వెళ్లిపోవడం అంతా ఆడి చూపించేవాడు. అలా ఏ బండీ ఏనాడూ తప్పిపోలేదు. ఎవరూ ఆ సంగతి అడగలేదు.

"మనిషికి నోట్లో మాట అడ్డుపడితే మీకు నవ్వెలగొస్తాది?" అని చిలకమ్మ మొగుణ్ని అడిగింది.

"అందరూ నవ్వుతారే. ఆడూ నవ్వుతాడు. నీకేటి నొప్పి?" అన్నాడు గోవిందరావు.

"ఆడు నవ్వకపోతే బతకనిస్తారా మీరు?"

గోవిందరావు చెడ్డవాడు కాదు. అదే ఆమె కోపానికి మూలం. ఆ వీధిలో చెడ్డవాళ్లెవరూ లేరు. జ్వరమొస్తే ఒకరింటికొకరు జావ కాచి పంపేవాళ్లు, చావొస్తే భుజం పట్టేవాళ్లు. అలాంటివాళ్లే సాయంత్రమయ్యేసరికి ఒక మనిషి గొంతు పట్టుకుని ఆడుకునేవారు.

ఎనభై ఏడులో తెలుగు సంఘం వాళ్లు ఒక ఆదివారం సాయంత్రం ఉపన్యాసం పెట్టారు. రిటైరైన బడిపంతులు వరాహనరసింహం గారు 'నిత్యజీవితంలో సంతోషం' మీద మాట్లాడారు. మంచి మాటలే చెప్పారు. పొద్దున లేవగానే కనిపించిన మనిషిని పలకరించమన్నారు. ఇంట్లో వండి పెట్టినవాళ్లని బాగుందని మెచ్చుకోమన్నారు. ఎదుటివాడు చెప్పేది పూర్తిగా వినమన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, రోజుకి ఒక అరగంటయినా మనసారా నవ్వమన్నారు. చిలకమ్మ చాప మీద ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా విన్నది.

ఉపన్యాసం అయ్యాక గోపాలం మైకు అందుకుని, "పంతులుగారు నవ్వమన్నారు కదా, ఇప్పుడే మొదలుపెడదాం" అని సుందర్ రాజు కథ ఎత్తుకున్నాడు. ఆ వేళ సుందర్ రాజు అక్కడే ఉన్నాడు. కుర్చీలు వేసింది అతనే. గోడ పక్కన నీళ్ల గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. హాలంతా ఘొల్లుమంది. పంతులుగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. సుందర్ రాజు నవ్వబోయాడు గాని, నవ్వు రాక పళ్లెంలో గ్లాసులు సర్దసాగాడు.

చిలకమ్మ లేచింది.

"మాస్టారూ, తవరు నవ్వమన్నారు. ఎవుల్ని సూసి నవ్వాలో సెప్పనేదు" అంది.

నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. గోవిందరావు ఆమె చీర అంచు పట్టి లాగాడు. ఆమె విడిపించుకుంది.

"ఈడు వానలో తడిసొచ్చి మీ తలుపు కొట్టి డూటీకి లేపుతాడు. ఇక్కడ కుర్సీలేసినాడు, నీల్లిస్తన్నాడు. ఈడి నోట్లో మాట ఇరుక్కుంటే అది మీకు సినిమా. గోపాలం గారూ, తవరికి అన్ని గొంతులూ వొచ్చు గదా. మీ ఆఫీసరు గొంతుతో ఆయన ముందల ఆడండి సూద్దాం. ఆడరు. తిరిగి అననోడి మీదే మీ కళంతా."

చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి పంపు దగ్గర ఆమెతో మాటలు తగ్గాయి. పెద్దవాళ్ల ముందు ఆడది నోరు పారేసుకుందన్నారు. సరదాగా గడిచే సాయంత్రం పాడుచేసిందన్నారు. గోపాలం చాలా నొచ్చుకున్నాడని అందరూ జాలిపడ్డారు. ఒక మనిషి నొచ్చుకుంటే జాలిపడడం ఆ వీధికి తెలుసు. సుందర్ రాజు మీద ఆ జాలి ఏళ్ల తరబడి ఎందుకు పుట్టలేదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

వారం తిరక్కుండా సుందర్ రాజే చిలకమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ముఖం మాడ్చుకుని ఉన్నాడు. ఆమెని అక్క వరసలో అప్పా అని పిలిచేవాడు.

"అప్పా, నువ్వెందుకు లేసినావు? ఇప్పుడు నన్నెవులూ పి... పిలవడం నేదు. నవ్వినా గాని, కూకోబెట్టి సాయ్ ఇచ్చీవోలు."

చిలకమ్మకి అప్పుడు వచ్చిన కోపం హాల్లో కూడా రాలేదు. ఒక కప్పు టీ కోసం మనిషి తన గొంతు అమ్ముకోవాలా అని ఆమె ఒళ్లు మండిపోయింది. ఆ కోపం అతని మీద చూపించలేదు.

"కూకో. టీ నాను ఇస్తాను" అంది. పొయ్యి మీద గిన్నె పెట్టి, ముంతలో ఇక్కడివాళ్లు మూడీ అనే మరమరాలు పోసి ఇచ్చింది. "ఇప్పుడు సెప్పు. నాకేటీ తొందర్లేదు."

ఆ రోజు నుంచి డ్యూటీ లేని సాయంత్రాలు అతను వచ్చేవాడు. ఆమె బియ్యం ఏరుకుంటూ వినేది. మాట ఎక్కడ ఆగినా తను అందించేది కాదు. గోవిందరావు మొదట్లో మాట అందిస్తుంటే, "ఆడి మాట ఆడిని సెప్పనీ" అనేది. కొన్నాళ్లకి గోవిందరావుకీ ఆగడం అలవాటయింది. సుందర్ రాజుకి ఊళ్లో ఎవరికీ తెలియని సంగతులు తెలుసని అప్పుడు బయటపడింది. ఏ డ్రైవరు ఎలా నిద్ర లేస్తాడో, ఏ ఇంటి కుక్క కరవకుండా మొరుగుతుందో చెప్తుంటే మొగుడూ పెళ్లాం పడి పడి నవ్వేవారు. అది అతను తెప్పించిన నవ్వు.

ఒకనాడు వరాహనరసింహం గారే ఆమెకు నచ్చచెప్పడానికి వచ్చారు.

"చూడమ్మా, కోపం మనల్నే కాలుస్తుంది. కొన్ని చూసీ చూడనట్టు పోవాలి. క్షమిస్తేనే మనశ్శాంతి" అన్నారు.

"నన్నెవులూ ఏటీ అన్నేదు బాబూ, నానెవుల్ని సెమించాలి? అన్నది ఆడిని. తప్పయిందని గోపాలం గార్ని ఆడికి సెప్పమనండి. సెమించాలో వొద్దో ఆడిష్టం."

అప్పుడు సుందర్ రాజు అక్కడే ఉన్నాడు. పంతులుగారితో ఏదో చెప్పబోయాడు. "ఆ రోజు మీ... మీరు..." అనగానే పంతులుగారు, "నేను నవ్వాననా?" అన్నారు. కాదని తలూపాడు. "నొప్పి కలిగిందా?" అన్నారు. అదీ కాదు.

"ఆగండి బాబూ" అంది చిలకమ్మ.

కాసేపటికి మాట బయటికొచ్చింది. "ఎదుటోడు సెప్పేది పూర్తిగా వినాలని సెప్పినారు. అది నాకు నచ్చింది."

పంతులుగారి ముఖం ఎర్రబడింది. టీ సగంలో వదిలి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఊళ్లోనే మలంచా పేటలో మళ్లీ అదే ఉపన్యాసం ఇచ్చారు. అరగంట నవ్వమని అక్కడా చెప్పారట. చిలకమ్మ ఆ సంగతి విని గిన్నె ఠంగున కింద పెట్టింది.

తొంభైలో సుందర్ రాజుకి మలంచాలో సంబంధం వచ్చింది. పిల్ల పేరు స్వర్ణకుమారి, బట్టలు కుట్టేది. పెద్దలుగా చిలకమ్మా గోవిందరావూ వెళ్లారు. పిల్ల మేనమామ ఉద్యోగం సంగతి అడగగానే, కుర్రాడు ఇబ్బంది పడతాడని గోవిందరావే జవాబు చెప్పబోయాడు. చిలకమ్మ అతని మోచెయ్యి గిల్లింది. సుందర్ రాజే చెప్పాడు. చాలాసేపు పట్టింది. మేనమామ కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. స్వర్ణకుమారి మాత్రం అతని ముఖమే చూస్తూ విని, ఒకే ప్రశ్న అడిగింది.

"పెళ్లయినాక నేను కుట్టుపని మానను. మీకు ఫర్వాలేదా?"

"మానొద్దు. నాకు క... కూరా అన్నం ఒండడం వచ్చు" అన్నాడు.

క అక్షరం దగ్గర మాట ఆగింది, సర్దుకుంది. వంట మాటకి ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వుకి చిలకమ్మా నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సుందర్ రాజు ఎంతసేపు మాట్లాడాడో, ఆటో నడిపే బెంగాలీ దాదా కూడా వెనక్కి తిరిగి తిరిగి విన్నాడు.

పెళ్లయి వాళ్లు ఊళ్లోనే ఝపటాపూర్ పేటలో కాపురం పెట్టారు. వీధిలో ఆ ఆట క్రమంగా ఆగిపోయింది. జనం మారారని కాదు, చిలకమ్మ వింటుందేమోనన్న జంకు. జంకుతో ఆగినా ఆగినట్టేనని ఆవిడ అనేది. గోపాలం మాత్రం సుందర్ రాజుకి తప్పయిందన్న ఆ ఒక్క మాటా చెప్పకుండానే తొంభై ఆరులో రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో నవ్వుల రేడని పొగిడి శాలువా కప్పారు. అంతా వెళ్లారు. చిలకమ్మ వెళ్లలేదు.

"ఇన్నేల్లయింది, ఇంకా అంత కోపమేటే?" అని గోవిందరావు అడిగాడు.

"కోపం నా దగ్గిరుంటే ఏటి? నానన్నం తింతన్నాను, నిద్దరోతన్నాను, సుందర్ రాజు ఇంటికెల్లి ఆడి పిల్లల్ని ఎత్తుకుంతన్నాను. నాకు సుకంగానే ఉంది" అంది చిలకమ్మ. "సెప్పాల్సినోడు సెప్పనేదు. అది తప్పే. ఎన్నేల్లయినా తప్పే."